కుండ ఎవరెత్తాలి

కొత్తగూడ ఫ్లైఓవర్ పునాదిలో నా బంగారు చెవిదుద్దు ఒకటి పడిపోయిందనీ, అందుకే ఆ ఫ్లైఓవర్ మీద నాకూ కాస్త వాటా ఉందనీ మా అపార్టుమెంటులో అందరికీ చెప్పాను. లిఫ్టు పాడైన రోజు మూడో అంతస్తు దాకా ఒక అడవిపంది నాకు తోడొచ్చిందని కూడా చెప్పాను. కాబట్టి నా మాటను సగానికి సగం కోసి వినడం మావాళ్లకు అలవాటు. ఇది మాత్రం కోయాల్సిన పనిలేదు. ఇందులో నేనాడిన అబద్ధాలు రెండే. రెండూ ఎక్కడున్నాయో నేనే చూపిస్తాను.

మా ఎదురు ఫ్లాటు అమ్మాయిది కాకినాడ. అమ్మాయంటే నలభై దాటిన మనిషే, నాకంటే చిన్నది కనుక చెల్లె అంటాను. భార్యాభర్తలిద్దరూ కోకాపేటలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు. పిల్లల్లేరు. పోయిన ఎండాకాలం అతను నెలల తరబడి దవాఖానలో ఉండి, అక్కడే కన్నుమూశాడు. అన్ని నెలల్లో అతని అన్న ఒక్కసారీ రాలేదు. తమ్ముడు చేసుకున్న పెళ్లి ఆ పెద్దమనిషికి మొదటి నుంచీ కిట్టదు. పోయాడని ఫోను చేస్తే మాత్రం తెల్లారేసరికి కారులో దిగాడు. దిగుతూనే, కర్మ తానే చేస్తానన్నాడు.

ఆమె నన్ను వంటింట్లోకి పిలిచింది. ఏడవడం లేదు.

"అక్కా, బతికుండగా మొహం చూడ్డానికి రాని మనిషి ఇవాళొచ్చి ఆ కుండెత్తుకుంటే నేను చూడలేనండి. అది నేనే ఎత్తుతాను, నేనే పగలగొడతాను."

నీళ్లకుండ భుజాన పెట్టుకొని చితి చుట్టూ తిరిగి, చివర దాన్ని పగలగొట్టేది పోయినవాళ్లకు అందరికంటే దగ్గరివాళ్లు. ఆమె అడిగింది ఆ చోటే.

శవాన్ని తీసుకెళ్లే బండివాళ్లు తెచ్చిన సామానులో కుండ బీటవారి ఉంది. కొత్తది తెచ్చే పని నా మీద పడింది. కొత్తగూడ రోడ్డు పక్కన అమ్మే కుండలన్నిటికీ ఇప్పుడు ప్లాస్టిక్ నల్లాలు బిగించి ఉన్నాయి. నల్లా కుండతో మనిషిని సాగనంపలేం కదా. నల్లా లేనిది కావాలంటే, అమ్మే ఆవిడ దేనికని అడిగింది. చావుకని చెబితే బోణీ వేళ ఇదేం మాటని తిడుతుందేమోనని, తాగే నీళ్లకన్నాను. ఇది మొదటి అబద్ధం. ఆవిడ తన పెనిమిటి స్వయంగా చేసిందంటూ వెనకనుంచి ఒక మందపాటి కుండ తెచ్చి, వేలితో కొట్టి వినిపించింది. ఖంగుమంది. పదేళ్లయినా పగలదంది. నేను కూడా మంచి బేరం కుదిరిందని సంబరపడుతూ తెచ్చాను.

శ్మశానంలో పంతులుగారు ఎటూ తేల్చలేదు. ఇంటి పెద్దలు ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. పెద్దలంటే అక్కడున్నది ఆమె బావగారొక్కడే. ఆయన అప్పటికే చొక్కా విప్పి సిద్ధంగా ఉన్నాడు. అసలు మేమిద్దరం ఆడవాళ్లం అక్కడిదాకా రావడమే ఆయనకు నచ్చలేదు. కానీ మర్యాద తప్పే మనిషి కాదు.

"మా వైపు ఇలాంటివి లేవండి. రేపు మా ఊళ్లో నేను తలెత్తుకు తిరగాలి కదండి" అన్నాడు.

ఆమె కుండ చంకన పెట్టుకొని అలాగే నిలబడింది. ఇవ్వలేదు. ఇక నేను నోరు తెరిచాను.

"మీ దిక్కు లేదేమో సార్. మా దిక్కు పిల్లలు లేకుంటే పెండ్లామే ఎత్తుతది. ఈయన ఈడి మట్టిల కలుస్తుండు. ఈడి రివాజే నడవాలె."

ఇది రెండో అబద్ధం. మా సిద్దిపేట దిక్కు కూడా తమ్ముడో పాలివాడో ఎత్తుతాడు తప్ప ఆడదాన్ని అంతదూరం రానివ్వరు. చెప్పినందుకు నాకేం సిగ్గు లేదు. అవసరమైతే మా నాయనమ్మ ముగ్గురు మొగుళ్లకు కుండెత్తిందని కూడా చెప్పేదాన్ని.

బావగారు నన్ను నమ్మలేదు. కట్టెలు పేరుస్తున్న కాటికాపరి వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. నేను ఆ కాటికాపరిని చూడటం అదే మొదలు. అతను నా మొహం చూశాడు. ఆమె చంకలోని కుండ చూశాడు.

"అవ్ సార్, మా దిక్కు గంతే" అని మళ్లీ కట్టెల మీదికి వంగాడు.

ఆమె కుండ భుజానికెత్తుకుంది. ఒక్కో చుట్టుకూ కాటికాపరి కత్తి మొనతో కుండకు చిల్లు పెట్టాలి. ఆ కుండకు చిల్లు పెట్టేసరికి అతనికి చెమటలు పట్టాయి, నావైపు కొరకొరా చూశాడు. నీళ్లు కారి ఆమె చీర తడిసింది, చితి చుట్టూ నేల బురదైంది. మూడు చుట్లయ్యాక తలవైపు నిలబెట్టి, వెనక్కి చూడకుండా వదలమన్నాడు పంతులుగారు. వదిలింది.

కుండ ఆ బురదలో మెత్తగా పడి, పక్కకు దొర్లి ఆగింది. పగల్లేదు.

బావగారు నెమ్మదిగా, "చూశారాండి. పోయినవాడే ఒప్పుకోలేదు" అన్నాడు. అని, కుండ తీసుకోవడానికి చెయ్యి చాపుతూ ముందుకొచ్చాడు.

నాకు మూడో అబద్ధం నోటిదాకా వచ్చింది. ఈలోపు ఆమే వెనక్కి తిరిగింది. తిరగకూడదమ్మా అని పంతులుగారు అంటూనే ఉన్నాడు. ఆమె బావగారికంటే ముందు వంగి, బురద కుండను రెండు చేతులా ఎత్తుకుంది. భర్త మొహం ఒకసారి కళ్లారా చూసుకుంది. తర్వాత సిమెంటు గద్దె అంచు దగ్గరికి నడిచి, కుండను తలపైకెత్తి బలంకొద్దీ కొట్టింది.

పెంకులు బావగారి పాదాల దాకా ఎగిరొచ్చాయి.

"ఇప్పుడు ఒప్పుకున్నారండి" అంది.

కాటికాపరి నిప్పు తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. పంతులుగారు ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు.