గడప దాటి వచ్చిన సీసా

మా వదిన పోయిందని మంగళవారం పొద్దున్నే మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తా, అమ్మ లేవట్లేదు" అన్నాడు ముందు. ఈ వయసులో పొద్దున్నే వచ్చే ఫోన్లన్నీ ఇలాంటివే. ఆటో మాట్లాడుకుని పటమట చేరేసరికి వదినని ముందు గదిలో పడుకోబెట్టారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అదృష్టవంతురాలు అన్నారందరూ. కావచ్చు. ఆ మాటకి తల ఊపే ఓపిక కూడా నాకు లేకపోయింది.

వాకిట్లో షామియానా కింద కూర్చున్న ఆడవాళ్ళ మధ్య ఓ మాట నడుస్తోంది.

"ఎంత పద్ధతిగా బతికిందండీ మనిషి. చివర్లో ఆ టర్కీ వెళ్ళి మందు తాగొచ్చింది గానీ..."

"అవునంట కదా. ఫొటో కూడా వచ్చింది మా గ్రూపులో."

నాకు వినపడింది. తగవు పెట్టుకోలేదు. చావింట్లో తగవులాడే వయసు దాటిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అవును, మా వదిన టర్కీలో మందు తాగింది. మర్నాడు ఓ సీసా కొనుక్కుని ఇంటికి కూడా తెచ్చుకుంది. పక్కన నేనున్నాను, నేనూ తాగాను. ఎందుకు తాగిందో చెప్పాలంటే ముందు మా అన్నయ్య సంగతి చెప్పాలి.

అన్నయ్యకి వన్ టౌన్‌లో ఓ పార్శిల్ ఆఫీసులో ఉద్యోగం. మంచివాడు. తాగేవాళ్ళ చెల్లెళ్ళందరూ ఈ మాటే అంటారు కాబట్టి మీరు నమ్మనక్కర్లేదు. పొద్దుటి నుంచీ బస్తాల మధ్య, హమాలీల కేకల మధ్య తిరిగి, సాయంత్రం ఆఫీసు మూయగానే తిన్నగా వైన్ షాపు పక్క సందులోకి వెళ్ళేవాడు. అక్కడ అందరూ నిలబడే తాగుతారు. ఓ ప్లాస్టిక్ గ్లాసు, ఓ నీళ్ళ ప్యాకెట్, ఓ క్వార్టర్. నంజుకోడానికి ఏమీ ఉండదు, ఉన్నా తినే తీరిక ఉండదు. తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి, పసిపిల్లాడు కషాయం మింగినట్టు రెండు గుక్కల్లో మింగేసేవాడు. తర్వాత జేబులోంచి గుప్పెడు సోంపు తీసి, నములుతూ బస్సెక్కేవాడు.

ఆ సోంపు వాసనని బట్టే వదిన కనిపెట్టేసేది. పెళ్ళయిన కొత్తలోనే ఓ మాట తేల్చి చెప్పింది. "ఈ గడప దాటి మనిషి రావాలి గానీ సీసా రాకూడదు. నోట్లో వాసనున్నంతసేపు మనిషి కూడా రాకూడదు." అన్నయ్య ఏనాడూ ఎదురు చెప్పలేదు. వాసన పోయేదాకా బయట మెట్ల మీద కూర్చునేవాడు. ఒక్కోసారి అక్కడే గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు. వదిన కంచంలో అన్నం పెట్టి, పైన మూతపెట్టి, బయట ఉంచేది. తిన్నాడో లేదో తెల్లారి కంచం చూస్తే తెలిసేది. చాలాసార్లు తినేవాడు కాదు.

ఊరంతా వదినని మెచ్చుకుంది. ఇంట్లోకి సీసా రానివ్వని ఇల్లాలని పేరొచ్చింది. "అది కాబట్టి ఈ కొంప నిలబెట్టింది" అనేది మా అమ్మ, కన్నకొడుకు బయట మెట్ల మీద కునికిపాట్లు పడుతుంటే. వదిన ఆ పొగడ్తలేవీ పట్టించుకునేది కాదు. ముందు గదిలో మిషను వేసుకుని చీరలకి ఫాల్స్ కుట్టేది, పీకో చేసేది. చీర చేతికిస్తే కుచ్చిళ్ళ వైపు ఏదో, పైట వైపు ఏదో వేళ్ళతో తడిమి చెప్పేసేది. పెళ్ళిళ్ళ రోజుల్లో నడుం వాల్చే తీరిక ఉండేది కాదు. కొడుకుని అలాగే చదివించుకుంది.

మాటలు తక్కువ మనిషి. ఎవరైనా కష్టం చెప్పుకోడానికొస్తే ముందు కంచం పెట్టేది. "ఏడ్చేదేదో తిన్నాక ఏడువు. ఖాళీ కడుపుతో ఏడిస్తే నీరసం తప్ప ఏం మిగలదు" అనేది. మా ఆయన పోయినప్పుడు నాకూ అదే చెప్పి, పప్పు అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది. తిన్నాను. తర్వాత ఏడ్చాను. ఆ నెలంతా ఆవిడ రోజూ బస్సెక్కి మా ఇంటికొచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుని, తిరిగి మిషను దగ్గరికి పోయేది. ఆ ముద్దల రుణం తీరేది కాదు.

అన్నయ్య కరోనాకి ముందే పోయాడు. లివర్ పాడైపోయిందన్నారు. ఆస్పత్రి వరండాలో బంధువులందరూ వదినతో ఒకటే మాట. "నువ్వు చెయ్యాల్సిందంతా చేశావమ్మా. నీ తప్పేం లేదు." ఆ తర్వాత ఎప్పుడు హోటలుకెళ్ళినా, బిల్లుతో పాటు సోంపు గిన్నె తెచ్చి పెడితే, దాన్ని మాట్లాడకుండా బల్ల అవతలి చివరికి జరిపేది. అంతకుమించి అన్నయ్య గురించి మా మధ్య మాటే ఉండేది కాదు.

టర్కీ వెళ్దామన్నది నేనే. బెంజ్ సర్కిల్ దగ్గర టూర్ ఆఫీసు వాళ్ళు ఓ గ్రూపుని తీసుకెళ్తున్నారని తెలిసి అడిగాను.

"అంత దూరం పోయి ఏం చూస్తామే అమ్మాయ్" అంది. నేను రిటైరయినా ఆవిడకి అమ్మాయినే.

"ఏమో వదినా. ఇక్కడ మాత్రం చూసేదేముంది?"

"అదీ నిజమేలే" అని పాస్‌పోర్టు ఫొటో దిగడానికి బయల్దేరింది. ఇద్దరం అలిసిపోయిన ఆడవాళ్ళం. ఎక్కడ కూర్చుని అలిసినా ఒకటే అనుకున్నాం.

బస్సు నిండా మనవాళ్ళే. ప్రతి ఊళ్ళోనూ ఇండియన్ బఫే, ప్రతి బఫేలోనూ పనీరు. పొద్దున్నే సూట్‌కేసులు సర్దడం, సాయంత్రం విప్పడం. గైడు చెప్పే రాజుల పేర్లు ఈ చెవిలో పడి ఆ చెవిలోంచి పోయేవి. ఓ రోజు కొండ మీద ఓ పల్లెకి తీసుకెళ్ళారు. వీధి పొడుగునా పళ్ళతో చేసిన వైన్ అమ్మే దుకాణాలే. దానిమ్మ, పీచ్, మల్బరీ. బుల్లి గ్లాసుల్లో రుచికి పోసిస్తారు, నచ్చితే కొనుక్కోవచ్చు. మా గ్రూపు మగవాళ్ళు ఒక్క దుకాణం కూడా వదల్లేదు. "జ్యూసే కదండీ" అనుకుంటూ ఆడవాళ్ళు కొందరు రుచి చూశారు. నేను దానిమ్మది తాగాను. పుల్లగా, తియ్యగా బాగుంది. వదిన మాత్రం ఎవరిదో అరుగు మీద కూర్చుని పైటతో విసురుకుంటూ ఉండిపోయింది. "నువ్వు తాగమ్మాయ్, నాకేం పట్టింపు లేదు" అంది. పట్టింపు లేనివాళ్ళు అలా మొహం తిప్పుకోరు.

తర్వాతి మజిలీ కుషాదసి అని సముద్రం ఒడ్డున ఓ ఊరు. వదిన అవనిగడ్డ వైపు మనిషి. చేప తినక వారం దాటితే ఆవిడకి ఒంట్లో బాగోదు. "ఈ పనీరు నావల్ల కాదు, ఎక్కడైనా చేప దొరుకుద్దేమో చూడు" అంటే, గ్రూపుని హోటల్లో వదిలేసి ఇద్దరం రేవు పక్క వీధిలోకి నడిచాం. ఇంకా బాగా వెలుగుంది. బయట బల్లలు వేసి చేపలు కాల్చిపెట్టే ఓ చోట కూర్చున్నాం.

పక్క బల్ల దగ్గర మా వయసు మొగుడూ పెళ్ళాలున్నారు. సన్నటి పొడుగు గ్లాసుల్లో నీళ్ళలాంటిదేదో పోసుకున్నారు. ఆవిడ పైన మామూలు నీళ్ళు కలపగానే అది తెల్లగా మారిపోయింది. తెల్ల జున్నుముక్కలు, కర్బూజా, వంకాయతో చేసిందేదో బల్ల నిండా పెట్టుకున్నారు. ఆయన ఓ గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, ఏదో చెప్పేవాడు. ఆవిడ చేపకి ముల్లు తీసి, ముక్కని ఆయన పళ్ళెంలో వేసేది. తనూ ఓ గుక్క తాగేది. మా చేప వచ్చింది, తిన్నాం, టీ కూడా తాగాం. వాళ్ళ గ్లాసులు ఇంకా సగంలోనే ఉన్నాయి.

"అమ్మాయ్, అది మందేనా?" అంది వదిన.

"మందే వదినా. రాకీ అంటారంట. ఈ దేశం సరుకు."

"మరి అట్టా తాగుతున్నాడేంటి?"

"ఎట్టా?"

"కూర్చుని."

వదిన ఇంకాసేపు వాళ్ళనే చూసి, "మనకీ చెప్పు" అంది.

వెయిటరు రెండు గ్లాసులు, ఓ పళ్ళెంలో జున్నుముక్కలు, కర్బూజా తెచ్చి, రాకీ పోసి, నీళ్ళు కలిపాడు. పల్చటి మజ్జిగలా తెల్లబడింది. వదిన గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకుని చటుక్కున దూరంగా పెట్టింది.

"సోంపు" అంది.

నేను వాసన చూశాను. నిజమే. సోంపు లాంటి వాసనే, అచ్చంగా. సాయంత్రం బస్సు దిగి వచ్చే మా అన్నయ్య వాసన. వద్దంటుందనుకున్నాను. వదిన ఆ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని, "దాచుకోడానికి ఆయన నమిలేవాడు. వీళ్ళు గ్లాసులోనే పోసుకున్నారే" అని, ఓ గుక్క తాగింది. మొహం చిట్లించింది. ఓ జున్నుముక్క తింది. కాసేపాగి ఇంకో గుక్క. "బాగానే ఉంది" అంది, తప్పు ఒప్పుకున్నట్టు. మళ్ళీ జున్ను, ఓ కర్బూజా ముక్క, మళ్ళీ గుక్క.

"ఓసారి మీ అన్నయ్యకి సోంపు దొరక్క కొత్తిమీర కట్ట నమిలి వచ్చాడు తెలుసా? పళ్ళన్నీ ఆకుపచ్చ. ఏంటండీ మేకలాగా అన్నాను. తలకాయ దించుకుని నవ్వాడు. నవ్వితే ఇంకా కనపడతన్నాయి."

చెబుతూ చెబుతూ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అన్నయ్య పోయాక ఆయన గురించి మేమిద్దరం నవ్వడం అదే మొదలు. గ్రూపులో ఓ పెద్దమనిషి అటుగా పోతూ ఫోను తీసి ఫొటో కొట్టుకున్నది అప్పుడే. మేం హోటలుకి చేరకముందే అది పటమట చేరింది. కొండ మీద ప్రతి దుకాణంలోనూ రుచి చూసిన మనిషే ఆయన.

నవ్వు తగ్గాక వదిన సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

"నేను లోపలికి రానిచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కన రెండు చేపముక్కలు పెట్టుంటే బతికేవాడా అమ్మాయ్?"

ఆ ప్రశ్న ఎన్నేళ్ళుగా ఆవిడ లోపల ఉందో నాకు తెలీదు. మిషను తొక్కుతున్నంతసేపూ ఉండే ఉంటుంది. నీ తప్పేం లేదు అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అది తేలిక. కానీ ఆవిడ అడిగింది ఊరిని కాదు, ఆయన చెల్లెల్ని.

"తెలీదు వదినా" అన్నాను. "ఇంట్లో దర్జాగా కూర్చుని తాగి పోయినవాళ్ళనీ చూశాంగా. బతికేవాడేమో, లేదేమో. నాకు నిజంగా తెలీదు."

వదిన ఓ కర్బూజా ముక్క తీసుకుని, తినకుండానే పళ్ళెంలో పెట్టేసింది. కోపమొచ్చిందనుకున్నాను.

"అందరూ నీ తప్పేం లేదన్నారు. నేను అడక్కముందే అన్నారు. ఇంక ఎవర్ని అడగను? నువ్వు తెలీదన్నావు చూడు, అది నయం" అంది. తర్వాత, "అలిసిపోయానే" అంది. లేద్దామంటుందేమోనని చూశాను. లేవలేదు. గ్లాసులో మిగిలింది నిదానంగా పూర్తి చేసింది.

మర్నాడు బస్సెక్కబోతూ, వీధి చివర దుకాణంలోకి లాక్కెళ్ళింది. అరల నిండా రాకీ సీసాలు, పెద్దవీ చిన్నవీ. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చిన్నది కావాలని చూపించింది. దుకాణదారు సీసాని నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. "ఇక్కడా నల్ల కవరేనా!" అని వదిన ఆ కవరు ఆయనకే తిరిగిచ్చేసి, సీసాని చేత్తో పట్టుకునే బస్సు దాకా నడిచింది. అందరూ చూశారు. చూడనివ్వమంది.

మా వైపు ఓ పద్ధతుంది. పోయినవాళ్ళ రోజున వాళ్ళకిష్టమైనవన్నీ వండి ఫొటో ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇంట్లోవాళ్ళు కాసేపు బయట ఉంటారు. వాళ్ళొచ్చి తిని వెళ్తారని. తాగేవాళ్ళకి ఓ క్వార్టర్ కూడా పెడతారు, ఎవరూ తప్పుపట్టరు. అన్నయ్యకి మాత్రం వదిన ఏ ఏడూ పెట్టనివ్వలేదు. గారెలు పెట్టేది, చేపల పులుసు పెట్టేది, అంతే.

కిందటేడు ఆ రోజుకి నేను వెళ్ళేసరికి ఫొటో ముందు పీట లేదు. బల్ల వేసి ఉంది, దాని ముందు ఓ కుర్చీ. బల్ల మీద వేయించిన చేపముక్కలు, కర్బూజా, ఓ గాజు గ్లాసు. వదిన సీసా మూత తీసి పోసి, నీళ్ళు కలిపింది. గది నిండా ఆ వాసన. మేనల్లుడు నా వైపు చూశాడు. నేను ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాను.

అలవాటు ప్రకారం మేం బయటికి నడిచాం. వదిన రాలేదు.

"అమ్మా, నువ్వూ రా. నాన్న రావాలిగా."

"నేనుంటే ఆయనకి మొహమాటమా? మీరెళ్ళండి."

తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. వదిన ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. చేపముక్కల పళ్ళెం అవతలికి జరిపింది.

"ముందు తినండి. మెల్లగా తాగండి. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ చూడరు, ఎవరూ తరమరు."

తర్వాత గొంతు తగ్గించి ఏవేవో చెప్పింది. కొడుకు ఉద్యోగం సంగతి, చేపల రేట్లు, నా మోకాళ్ళ నొప్పులు. మధ్యమధ్యలో ఆగి, అవతలివాళ్ళు జవాబు చెప్పేంతసేపు ఊరుకుని, తల ఊపి, మళ్ళీ మొదలుపెట్టేది.