గాలిలో ఉన్న మూడు గంటలు

విమానం నేలను తాకగానే ఇప్పటికీ నేను మొదట తలుచుకునేది మా అక్క వేళ్లను. దేవుడు ఆ తర్వాతే.

బీడీలు చేసి నన్ను పెంచింది అక్క. నేను మొదటిసారి దుబాయి పోయేముందు అడిగింది:

"విమానం గాలిల ఎంతసేపుంటది తమ్మీ?"

బొంబాయి నుంచి మూడు గంటలని చెప్పాను.

"గంతేనా? బోధన్ పోయి అచ్చినంత," అని, అది లేచే టైము కూడా చెప్పించుకుంది. నిజామాబాద్ నుంచి బొంబాయి దాకా బస్సులో నా నడుము విరిగింది కానీ, ఆ దూరం గురించి ఆమెకు బెంగే లేదు. బస్సు నేల మీదే కదా పోతుంది.

రెండేళ్లకు సెలవు మీద వచ్చాను. గూట్లో బీడీ కట్టలు దుమ్ముపట్టి ఉన్నాయి. తునికాకు ముక్కను కూడా వృథా పోనివ్వని మనిషి, వీటిని కార్ఖానాకు ఎందుకు ఇవ్వలేదని విసుక్కున్నాను.

అక్క ఒళ్లోని చాట మీంచి తల ఎత్తలేదు.

"నువ్వు గాలిల ఉన్నంతసేపు లేవకుంట చేసిన. గవి ఎవలన్న కాలుస్తే నా పానం ఒప్పుతదా?"