గోర్డన్ అంకుల్ కడిగిన కాళ్ళు

మొన్న కెనడాలో గ్వెల్ఫ్ ఊరి దగ్గర పొలాల పక్కగా డ్రైవ్ చేస్తుంటే కలుపుమందు వాసన గుప్పుమని కారులోకి కొట్టింది. గబగబా అద్దం ఎక్కించాను. ఎందుకో కాళ్ళు తడిసినట్టనిపించింది.

నాకప్పుడు ఏడేళ్ళు. హామిల్టన్‌లో ఉండేవాళ్ళం. నాన్న లాన్‌కి కలుపుమందు కొట్టిన మధ్యాహ్నం నేను చెప్పుల్లేకుండా ఆ గడ్డిలోకి పరిగెత్తాను. పక్కింటి గోర్డన్ అంకుల్ కేకలేస్తూ వచ్చారు. ఆయన ఒకప్పుడు ఆర్మీలో పనిచేశారు. నన్నెత్తి మా మెట్ల మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, సబ్బుతో నా కాళ్ళు కడిగారు. వేళ్ళ సందులు కూడా వదల్లేదు.

అమ్మ బయటికొచ్చి చూసి కొయ్యబారిపోయింది.

"పెద్దాయన చేత కాళ్ళు కడిగించుకుంటావుటే? కళ్ళు పోతాయి! దణ్ణం పెట్టు ముందు."

కళ్ళు నిజంగానే పోతాయని ఏడుస్తూ ఆయన పాదాలు ముట్టుకోబోయాను. "నో, నో, స్వీట్‌హార్ట్" అంటూ ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. ఇంకా నా మీద కోపంగానే ఉన్నారనుకున్నాను.

నేను పెద్దయ్యాక నాన్న చెప్పారు. అంకుల్ తన జబ్బుకి ఆర్మీ బేస్‌లో చల్లిన కలుపుమందే కారణమని డిజేబిలిటీ బెనిఫిట్స్‌కి అప్లై చేశారట. మందు ఆయనకి తగిలిందనడానికి రుజువు లేదని, కుదరదని ప్రభుత్వం ఉత్తరం రాసిందట. ఆ ఉత్తరం వచ్చింది నా కాళ్ళు కడిగిన వారమే.

ఆ బేస్‌లో మందు ఆరని పొదల్లో ఆయన్ని రోజంతా నడిపించినప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కోమని కూడా ఎవరూ చెప్పలేదు.