ఆషాఢం నిండా పెళ్లిళ్లే

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా పైన ఓ కంప్యూటర్ కోచింగ్ సెంటరో, వెబ్‌సైట్లు చేసే ఇరుకు ఆఫీసో తగిలేది. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న కాలం. ఇవాళ బంద్ ఉందా, బస్సులు నడుస్తాయా అని టీవీలో చూసుకున్నాకే నేను జడ వేసుకునేదాన్ని. టిఫిన్ సెంటర్ పైనున్న ఒక ఆఫీసులో ట్రైనీని. అక్కడ పర్మనెంట్ కాకపోతే బీఈడీలో చేరాల్సిందేనని మా నాయిన తేల్చేశాడు. పక్కింటి పిల్లలకు ఎక్కాలు చెప్పమంటేనే తలనొప్పి తెచ్చుకునే నాకు ఆ మాట వింటే గుండెల్లో రాయి పడేది (నా క్లాసులో కూర్చోవలసిన పిల్లల సంగతి ఎవరూ ఆలోచించలేదు).

మా సార్ గుంటూరు వైపు మనిషి. కోడ్ ఎవరైనా సొంతంగా రాస్తే ఆయనకు చిరాకు. "వీధి చివర కర్రీ పాయింట్ ఉండగా పొయ్యి ముట్టించడం దేనికమ్మా?" అనేవారు. ఆయన కర్రీ పాయింట్ ఒక ఫోల్డర్. నెట్‌లో దొరికిన స్క్రిప్టు ముక్కలన్నీ అందులో ఉండేవి. కదిలే అక్షరాలు, గడియారం, మౌస్ వెంట రాలే పూలు, పేజీ నిండా కురిసే మంచు (ఆ మంచును ఎండాకాలంలో ఓ కూలర్ల షాపుకు పెడితే ఓనర్ మురిసిపోయాడు). ముక్క తెచ్చి అతికించడం, రంగు మార్చడం, ఇదే మా విద్య. లోపల ఏముందో చూసిన పాపాన పోలేదు.

ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాల్ ఉన్న ఒక పెద్దాయన, మేం హాల్ పటేల్ అనుకునేవాళ్లం, తన హాల్ ఏ రోజు ఖాళీయో జనం ఇంట్లోంచే చూసుకోవాలన్నాడు. నేను ఫోల్డర్లోంచి క్యాలెండర్ ముక్క తీసి, ఆయనిచ్చిన తారీకులు ఎక్కించాను. బుక్కయిన రోజులు ఎర్రగా మెరిశాయి. "ఎర్రరంగు వస్తోందా?" అన్నారు సార్. "వస్తోంది సార్" అన్నాను. మా పరీక్ష అంతే. మర్నాడు బంద్ అని అప్పటికే గోల. బస్సులు ఆగిపోయేలోపు సైటు ఎక్కించేసి మీర్‌పేట్ బస్సు పట్టుకున్నాను.

బంద్ నాడు ట్రైనీ సెలవు పెడితే ఏం బాగుంటుందని నడుచుకుంటూ వెళ్లాను. నా వెనకాలే, ఎల్బీనగర్ నుంచి తనూ నడిచొచ్చిన హాల్ పటేల్ చెమటలు కక్కుతూ మెట్లెక్కాడు.

"ఏందయ్యా గిది! జ్యేష్ఠమంత హాల్ ఖాళీనట, ఆషాఢం నిండ పెండ్లిళ్లేనట! ఇజ్జత్ తీసిన్రు గదయ్యా! పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు. ఒక పిల్లగాని తల్లైతే, మాకు చెప్పకుంట ముహూర్తం ఆషాఢంల పెట్టిన్రు, గీ సంబంధమే ఒద్దంటాంది!"

"వైరస్ అయ్యుంటుందండీ" అన్నారు సార్ తడుముకోకుండా. ఆయన చూపు నామీద పడింది. "పిల్ల కొత్తదండీ. రేపట్నుంచి రాదులెండి."

నాకు కళ్లముందు నల్లబల్ల, చేతిలో సుద్దముక్క కనబడ్డాయి. "పెదనాయినా, మీ తారీకులు ఒక్కసారి చదువుండ్రి" అన్నాను. ఆయన జేబులోంచి బుకింగులు రాసుకున్న పంచాంగం తీసి చదివాడు. సైటులో తారీకులన్నీ సరిగ్గానే ఉన్నాయి, నెల మాత్రం ఒకటి ముందుకు జరిగింది. అప్పుడు మొదటిసారి ఆ ముక్క లోపలికి తొంగిచూశాను. ఆ స్క్రిప్టు లెక్కలో జనవరి ఒకటో నెల కాదు, సున్నా! మనం జూన్ అని ఆరు ఇస్తే అది జూలై అనుకుంటోంది. నెలలోంచి ఒకటి తీసేయమని చిన్న మాట చేర్చాను. ముహూర్తాలన్నీ బుద్ధిగా జ్యేష్ఠంలోకి వచ్చి కూర్చున్నాయి.

"జనవరి సున్నానా? మరి ఆ నెల జీతం ఎట్లిస్తరు వాళ్లకు?" అన్నాడు పటేల్. వెంటనే పిల్లగాని తల్లికి ఫోన్ కలిపాడు. "మల్లోపాలి జూడుండ్రమ్మా... ఆ, జ్యేష్ఠమే... ఆ, సంబంధం గట్టిగనే ఉంది!" ఫోన్ పెట్టేసి సార్ వైపు తిరిగాడు. "గా పిల్లను తీసెయ్యకు. తప్పు ఏడున్నదో గా పిల్లకే ఎరుకాయె." ఆ నెలాఖరుకు నేను పర్మనెంట్ అయ్యాను. బీఈడీ గండం గట్టెక్కింది.

ఇప్పుడు నా టీమ్‌లో పిల్లలు చిటికెలో కోడ్ తెచ్చి అతికిస్తారు. "ఆషాఢంలో పెట్టి చూశారా?" అంటాను. పాపం, మేడమ్‌కు ఏమైందోనన్నట్టు చూస్తారు.

నా పెళ్లి కూడా ఆ హాల్లోనే జరిగింది. నా తారీకు మాత్రం పటేల్ వెబ్‌సైటుకు అప్పజెప్పలేదు, తనే గోడ క్యాలెండర్‌లో సున్నా చుట్టుకున్నాడు. పీటలమీదున్న నామీద అక్షింతలు చల్లుతూ, వంగి చెవిలో అడిగాడు, "శ్రావణమే గద బిడ్డా?" ఆ వీడియో చూసినప్పుడల్లా మా చుట్టాలు, "అప్పట్లో ఎంత సిగ్గుపడేదో చూడండి, తలెత్తనే లేదు" అని మురిసిపోతారు. నేనేం చెప్పను! పట్టుచీర కొంగు చాటున ఆ పిల్ల వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకుంటోంది.