ఏడో అధ్యాయం తరవాత కనబడని అక్క

తాతలనాడు చెరకు కూలికి సముద్రం దాటొచ్చిన మనవాళ్ళుండే ఫీనిక్స్‌లో నేను అద్దెకున్న వెనక గది డాలీది. ముప్ఫై ఏళ్ళుగా బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతోంది. తెల్లవాళ్ళ పాలన పోయి నల్లవాళ్ళతో సహా దేశమంతా తొలిసారి ఓటేసిన మరుసటి ఏడు, నలభై ఆరో ఏట, మెట్రిక్ పరీక్షకని శనివారం క్లాసులో చేరింది. చదువు మీద ఇష్టమనుకున్నాను. కాదు, చెల్లెలు పెగ్గీ మీద కుళ్ళు. ఈ మాట నాది కాదు, ఆవిడే చెప్పింది.

ఉమ్‌హ్లాలి చెరకు తోటల్లో పనిచేసే తండ్రి ఇద్దరికీ బడి బట్టలు కుట్టించలేక, చురుకైనదని చిన్నదాన్ని ఉంచి పెద్దదాన్ని మానిపించాడు. పెగ్గీ ఇప్పుడు ఇంగ్లీషు టీచరు. డాలీ పరీక్షకు చదవాల్సిన నవల కూడా పెగ్గీ చదివిన పాత పుస్తకమే. అంచుల నిండా చెల్లెలి పెన్సిలు రాతలు.

పల్లెటూరి కుర్రాడు పెద్దమనిషి అయ్యే కథ అది. అలాంటివి నేను రైల్వే స్టేషన్లలో, ఓడల మీద, ఒకసారి కామెర్లతో మంచాన పడి, డజను చదివుంటాను. కుర్రాడు ఇల్లు వదులుతాడు, ప్రేమిస్తాడు, అవమానపడతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు. మహా ఇష్టంగా చదివానే గాని, వాడి సంచిలో రొట్టెలు ఎవరు కట్టిపెట్టారని ఏనాడూ అడగలేదు.

"నా నోట్స్ చూసి రాసుకో అక్కా, పాస్ అయిపోతావు," అంది పెగ్గీ ఒక ఆదివారం.

చెల్లెలు వెళ్ళగానే డాలీ రబ్బరు తీసుకుని మొదటి పేజీ నుంచి తుడవడం మొదలుపెట్టింది. అంతా తుడవడానికి మూడు ఆదివారాలు పట్టింది. తీరా చూస్తే సగం కథ అర్థం కాలేదు. మళ్ళీ చదివింది, మళ్ళీ చదివింది. మూడోసారి ఒకటి పట్టుకుంది. తమ్ముడికి చొక్కా కుట్టి పట్నం పంపిన అక్క, ఏడో అధ్యాయం తరవాత పుస్తకంలో ఎక్కడా లేదు. క్లాసులో రాసిమ్మన్న విశ్లేషణంతా ఆ అక్క గురించే రాసింది: 'హీరో ఎదిగాడంటారు. ఎవరి చోటులో ఎదిగాడు?'

"ప్రశ్న హీరో గురించి కదా ఆంటీ," అని క్లాసు చెప్పే ఆర్థర్ సగం మార్కులే వేశాడు.

ఆ కాగితాలు పెగ్గీ కంటబడ్డాయి. వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివింది.

"పద్నాలుగేళ్ళు ఈ బుక్ నేర్పిస్తన్నా. ఈ పిల్ల నాకు కనబళ్ళేదు."

"నీకెలాగ కనబడతాది? నువ్వు స్కూల్లో ఉండావు."

పెగ్గీ కాగితాలు సర్ది బల్ల మీద పెట్టింది. మెల్లగా అడిగింది. "ఈ మాట నా క్లాసులో చెప్పుకోనా అక్కా?"

"నవంబర్ దాకా ఆగు. పరీక్షలో ముందు నేను రాయాలి. మార్కులు సగమే రానీ."

పెగ్గీ కారు మలుపు తిరిగేదాకా డాలీ గేటు దగ్గరే నిలబడింది.

"అది చెప్తే ఇంకా బాగుంటాది, చూడండి," అంది నాతో. "దాని ఇంగ్లీషు అలాంటిది."