చెయ్యి తీస్తే మూగబోయే రేడియో

అలెగ్జాండ్రియాలో ఇస్త్రీ కొట్టు నడిపే హమ్దాన్ కూతురు, ఇంజనీరింగ్ చదివే ఇన్సాఫ్ కాలేజీ ప్రాజెక్టు కోసం మూడు నెలలు కష్టపడి, తండ్రి ఇస్త్రీ బల్ల మీదే రెండు వాకీటాకీలు తయారుచేసింది. శ్రుతి కోసం లోపలి తీగ కాయిల్ చుట్లు సర్దుతున్నంతసేపూ సెట్టును చేతిలోంచి దించలేదు. పరీక్షనాడు స్నేహితురాలు నష్వా ఒకటి తీసుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడింది.

"నష్వా, వినబడుతోందా?"

"బాగా వినబడుతోందే. ఎండ మాడ్చేస్తోంది, తొందరగా కానివ్వు."

లోపల పరీక్ష చేస్తున్న ప్రొఫెసర్ షుక్రీ మొహంలో నవ్వు లేదు. "సెట్టు బల్ల మీద పెట్టు."

పెట్టగానే నష్వా గొంతు పోయి బుసబుస మిగిలింది. చేతిలోకి తీసుకుంటే వచ్చింది. పెడితే మళ్ళీ పోయింది. చేత్తో పట్టుకునే శ్రుతి చేసింది కనుక, ఆ చెయ్యీ సర్క్యూట్‌లో భాగమైపోయిందని ఇన్సాఫ్‌కి అప్పుడు తట్టింది.

"కొన్నవాళ్ళకి నీ చెయ్యి కూడా కోసిస్తావా, ఇంజనీరమ్మా?" అన్నాడాయన, మార్కుల కాగితం మీద కలం ఆనించి.

"చేతిలో పట్టుకునే రేడియో చెయ్యమన్నారు సార్. బల్ల మీద పెట్టేది కావాలని చెప్పలేదు."

ఆయన కలం పక్కన పెట్టి, సెట్టు తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఇన్సాఫ్, నిన్నింకా వదల్లేదా ఆ ముసలాడు?" నష్వా గొంతు ఖంగున పలికింది.

షుక్రీ బటన్ నొక్కాడు. "ఇప్పుడే వదిలాడమ్మా. నువ్వు నీడకి వెళ్ళు."