తిరగేసి గీసిన పటం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఆ మే నెల మధ్యాహ్నం ఇదే రేకుల మందిరంలో ఉన్నవాళ్లు వీళ్లు: మా అమ్మ, మన పాస్టరయ్యగారు, మన జిల్లాలోని హిమాయత్‌నగర్ నుంచి బస్సులో వచ్చి నేరుగా ఇక్కడికే చేరిన మా పెద్దమ్మ, నేను. ఉన్నవి ఇవి: వేడిగాలినే తిప్పికొడుతున్న ఒక టేబుల్ ఫ్యాను, చుట్టిపెట్టిన చాపలు, సగంలో ఆగిపోయిన నా అట్టముక్కల నమూనా, ఒక కట్టరు. ఆ కట్టరును ముట్టుకోలేని స్థితిలో ఉన్నాను నేను.

అప్పుడు ఇక్కడే, మన నాందేడ్‌లోనే పర్యావరణ డిజైన్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు వీస్తుంది, నీడ ఎక్కడ నిలుస్తుంది అని చూసి, దాన్నిబట్టి కట్టడాన్నీ చుట్టూ ఉండే నేలనీ చెట్లనీ తీర్చిదిద్దే చదువు అది. ఆ స్టూడియో ఇప్పటికీ నా కళ్లముందే ఉంది: బల్లల మీద ఆరని జిగురు, కిటికీలో వరుసగా చాయ్ గ్లాసులు, మరాఠీలో మొదలై హిందీలో ముగిసే మా వాదనలు. ఎంత మంచి రోజులిచ్చాడు దేవుడు!

ఎండాకాలం ఆరాధనలో మన పెద్దవాళ్లు సొమ్మసిల్లి పడిపోతున్నారని, ఆ ఏడాది ఈ మందిరాన్నే నా ప్రాజెక్టుగా తీసుకున్నాను. పడమటి ఎండ లోపలికి కొట్టకుండా వరండా, వెదురు తడికలు, వాటి మీదికి సొరపాదులు, అన్నీ అమర్చాను. కానీ మొదట్లోనే స్థలం పటాన్ని ట్రేసింగ్ కాగితం మీద దించుకుని, చూసుకోకుండా ఆ కాగితాన్ని తిరగేసి, దాని మీదే మిగతాదంతా గీసేశాను. తూర్పు పడమరైపోయింది. నీడంతా తూర్పుకు పోయింది, పడమటి గోడ బోసిగా ఎండకు మిగిలింది. జ్యూరీ రోజున, మా పని చూడడానికి వచ్చిన సార్ నా నమూనాను అటూ ఇటూ తిప్పి, మరాఠీలో "కాయ్ రే, తుమ్చా సూర్య పశ్చిమేలా ఉగవతో కా?" అన్నారు. మీ సూర్యుడు పడమట పొడుస్తాడా అని. గది గదంతా నవ్వింది.

నవ్వితే నవ్వారు, కానీ ఆ రోజు నుంచి కట్టరు పట్టుకుంటే చాలు నా కుడిచెయ్యి వణకడం మొదలైంది, డాక్టరు చూసి నరాల్లో ఏ లోపమూ లేదు, భయమే అన్నాడు, నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు, కాలేజీకి వెళ్లడం మానేశాను, దిక్కులు సరిచేసి మొదలుపెట్టిన కొత్త నమూనా సగంలోనే ఆగిపోయింది, మళ్లీ జ్యూరీకి ఇచ్చిన తేదీ దగ్గరపడుతోంది, అదీ తప్పితే ఆ చదువు ఇక నాది కాదు!

అప్పుడు అమ్మ నన్నూ నమూనానూ ఇక్కడికి లాక్కొచ్చింది. పాస్టరయ్యగారు నా తల మీద చెయ్యి ఉంచారు. అమ్మ మోకరించి ప్రార్థించింది: "ప్రభువా, సూర్యుడు నువ్వు పెట్టిన కాడనే ఉన్నడు. నా కొడుకే తారుమారైండు. గీ పోరన్ని నువ్వే సక్కగ తిప్పు తండ్రీ."

ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది సహోదరులారా! ఆ నవ్వుతోపాటే గుండె మీది బరువేదో దిగిపోయింది. ఆమెన్ అనగానే పెద్దమ్మ అందుకుంది: "ప్రార్థన అయిపాయె గదరా, ఇంక చేతులు జేబులల్ల ఎందుకు? కొయ్యి!"

కట్టరు తీశాను. కొత్త అట్ట మీద స్కేలు ఆనించి పడమటి గోడ కోశాను. చెయ్యి వణకలేదు. కోత ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా వచ్చింది. దేవునికే మహిమ!

రెండో జ్యూరీలో అదే సార్ నమూనా మీదికి వంగి, "ఆజ్ సూర్య బరోబర్ ఉగవలా" అన్నారు, ఇవాళ సూర్యుడు సరిగ్గానే పొడిచాడని. డిగ్రీ చేతికొచ్చింది. తరువాత మన సంఘం యౌవనస్థులే ఈ తడికలు కట్టారు, మీరే పాదులకు నీళ్లు పోశారు, మీకందరికీ నా వందనాలు. ఏ పని ముందు మీ చెయ్యి వణుకుతోందో, ఆ పనిని చేతబట్టుకుని ప్రభువు దగ్గరికి రండి, దాన్ని బయట వదిలి రావద్దు. ఆయన మిమ్మల్ని చూసి నవ్వడు, నిలబెడతాడు.

ఇవాళ ఆరాధనకు ముందు థర్మామీటరు చూశాను. బయట నలభై రెండు డిగ్రీలు. లోపల ముప్పై ఏడు.